గేట్ల షెడ్డుకు ఇన్వర్టర్ వెల్డింగ్ మిషనా, పాత ఆయిల్ మిషనా?

కేజ్‌వీల్ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. గుడివాడకు దగ్గరి పల్లెలో మా ఇంటి వెనుక రేకుల షెడ్డు వేసి గేట్లు, కిటికీ గ్రిల్సు, మెట్ల రెయిలింగులు చేసే పని మొదలుపెడుతున్నాను. పనిలో ఎక్కువ భాగం 16, 18 గేజీల స్క్వేర్ పైపులతోనే ఉంటుంది. అయితే మాది వరి ప్రాంతం కనుక దమ్ము చేసే రోజుల్లో ట్రాక్టర్ల కేజ్ వీల్సు (దమ్ముకు బిగించే ఇనుప చక్రాలు), ట్రక్కుల హిచ్‌లు (ట్రాక్టరుకు తగిలించే కొక్కేలు), విరిగిన ఛానళ్లు కూడా వస్తాయి. ఇంతవరకు వేరొకరి దుకాణంలో ఆయిల్ మిషన్ (నూనెలో మునిగిన ట్రాన్స్‌ఫార్మర్ ఉండే పాతరకం మిషన్) మీదనే పనిచేశాను కాబట్టి దాని తీరు నాకు తెలుసు. ఎలక్ట్రానిక్ బోర్డు మీద నడిచే ఇన్వర్టర్ మిషన్‌ను పక్క ఊరి మిత్రుడి దగ్గర కొద్దిగా వాడి చూశాను.

మూసివేస్తున్న ఒక దుకాణం వారు రాగి వైండింగ్ ఉన్న 300 యాంపియర్ల పాత ఆయిల్ మిషన్‌ను ఇస్తామంటున్నారు. దాదాపు అదే ధరకు 200 యాంపియర్ల కొత్త ఇన్వర్టర్ మిషన్ వస్తోంది. ఇన్వర్టర్ అయితే కరెంటు బిల్లు సగానికి తగ్గుతుందని అమ్మేవారు చెబుతున్నారు, బోర్డు పోయిందంటే మిషన్ మూలన పడేయవలసిందేనని వాడినవారు చెబుతున్నారు. మాకు ఉన్నది ఇంటి సింగిల్ ఫేజ్ కనెక్షన్, పైగా సాయంత్రం వేళ షెడ్డులో వోల్టేజీ బాగా పడిపోతుంది. ఈ పరిస్థితిలో ఏది తీసుకోవడం మంచిదో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

ఐటీఐ మాస్టారు:

కేజ్‌వీల్ గారూ, మిషన్ సంగతికి ముందు మీ కరెంటు లైను సంగతి చూడాలి, ఎందుకంటే మీ ప్రశ్నకు సగం సమాధానం అక్కడే ఉంది.

3.15 మిల్లీమీటర్ల రాడ్డును, అంటే మనం పదో నంబరు రాడ్డు అనేదాన్ని, 120 యాంపియర్ల మీద కాలుస్తున్నారనుకుందాం. అప్పుడు ఆర్క్ (రాడ్డు కొస దగ్గర మండే మెరుపు) దగ్గర ఉండే వోల్టేజీ 25 వోల్టులకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది కనుక అక్కడ ఖర్చయ్యే శక్తి సుమారు 3 కిలోవాట్లు. ఇది ఏ మిషన్‌కైనా ఒక్కటే. తేడా అంతా ఆ 3 కిలోవాట్లను అందించడానికి మిషన్ లైను నుంచి ఎంత లాగుతుందన్న దానిలోనే ఉంది.

ఆయిల్ మిషన్ వంటి ట్రాన్స్‌ఫార్మర్ మిషన్ ఆర్క్ లేనప్పుడు 70 వోల్టుల దాకా చూపిస్తుంది. ఆర్క్ పడగానే 25 వోల్టులు ఆర్క్ దగ్గర మిగిలి, తక్కిన వోల్టేజీ కోరు, వైండింగుల మధ్య కావాలని ఏర్పరచిన రియాక్టెన్సులో (ఏసీ ప్రవాహానికి అడ్డుపడే గుణంలో) పడిపోతుంది. కరెంటును అదుపు చేయడానికి ఆ మిషన్‌లో ఉన్న ఉపాయం అదే. అందువల్ల లైను మీద పడే భారాన్ని 25తో కాకుండా 70తో లెక్కించాలి. 70ని 120తో గుణిస్తే 8,400 వోల్ట్ యాంపియర్లు, అంటే 230 వోల్టుల మీద 36 యాంపియర్లు. ఇన్వర్టర్ మిషన్ ఇంటి కరెంటును ముందుగా సుమారు 325 వోల్టుల డీసీగా మార్చి, దాన్ని ఐజీబీటీలనే ఎలక్ట్రానిక్ స్విచ్చులతో సెకనుకు పదుల వేలసార్లు తెంచి, చిన్న ఫెర్రైట్ ట్రాన్స్‌ఫార్మర్ గుండా పంపి, మళ్లీ డీసీగా మార్చి రాడ్డుకు ఇస్తుంది. ఫ్రీక్వెన్సీ అంత ఎక్కువ కనుకనే ట్రాన్స్‌ఫార్మర్ అంత చిన్నదైపోయి మిషన్ బరువు కొద్ది కిలోలకు దిగింది. లోపలి నష్టాలు కలుపుకొని ఇది తీసుకునేది 3.5 కిలోవాట్లు. మామూలు రకాలలో పవర్ ఫ్యాక్టర్ (లాగిన వోల్ట్ యాంపియర్లలో నిజంగా వాట్లుగా పనికి వచ్చే వంతు) 0.65 దగ్గర ఉంటుంది కాబట్టి లైనులో 23 యాంపియర్లు ప్రవహిస్తాయి.

ఇక బిల్లు సగానికి తగ్గుతుందన్న మాట. క్లాంప్ మీటరు పెట్టి చూస్తే యాంపియర్లు నిజంగానే బాగా తగ్గుతాయి, అమ్మేవారు చూపించేది కూడా ఆ అంకెనే. కానీ మీ ఎనర్జీ మీటరు కిలోవాట్ అవర్లను లెక్కించేదైతే గంటసేపు ఆర్క్ నడిచినప్పుడు ఆయిల్ మిషన్ సుమారు నాలుగున్నర యూనిట్లు, ఇన్వర్టర్ మూడున్నర యూనిట్లు తీసుకుంటాయి. తేడా ఉంది, కానీ సగం కాదు. పైగా గేట్ల పనిలో కొలవడం, కోయడం, అమర్చడమే ఎక్కువ కనుక రోజు మొత్తంలో ఆర్క్ నడిచే సమయం కొద్దిగానే ఉంటుంది. బిల్లు కేవీఏహెచ్ పద్ధతిలో, అంటే లాగిన వోల్ట్ యాంపియర్లను బట్టి వేస్తే మాత్రం తేడా పెద్దదవుతుంది. ఆయిల్ మిషన్‌కు కెపాసిటర్ బిగించి ఆ భారాన్ని కొంత తగ్గించవచ్చు. ఇన్వర్టర్‌లో పవర్ ఫ్యాక్టర్ తగ్గడానికి కారణం హార్మోనిక్స్, అంటే కరెంటు తరంగం ఆకారం చెడడం కాబట్టి దానికి కెపాసిటర్ బిగించడం వల్ల ప్రయోజనం లేదు.

మీరు రెండు సంగతులు చూసి చెప్పండి. ఆ పాత మిషన్‌కు 230 వోల్టుల ట్యాపింగ్ (ఆ వోల్టేజీకి వైండింగ్ నుంచి తీసిన కనెక్షన్) ఉందా, లేక రెండు ఫేజుల మధ్య 415 వోల్టుల మీద మాత్రమే నడుస్తుందా? రెండవది, మిత్రుడి ఇన్వర్టర్‌ను తెచ్చి, పదో నంబరు రాడ్డు కాలుతుండగా మీటరు దగ్గర ఒకసారి, షెడ్డు ప్లగ్గు దగ్గర ఒకసారి వోల్టేజీ కొలవండి.

మరొక మాట. ఇంటి కనెక్షన్ మీద దుకాణం నడపడం గానీ, చేలో మోటారు లైను నుంచి తీసుకోవడం గానీ 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అనధికార వినియోగం అవుతుంది. దానికి రెట్టింపు టారిఫ్‌తో లెక్క కడతారు. సెక్షన్ ఆఫీసులో అడిగి తగిన కేటగిరీ కనెక్షన్ తీసుకోండి.

ఆయిల్‌మిషన్:

మాస్టారు గారి లెక్కలతో నాకు పేచీ లేదు కానీ, దుకాణం నడిపేవాడికి లెక్కలకు అవతల కూడా కొన్ని ఉంటాయి. మా దగ్గర ఉన్న ఆయిల్ మిషన్ మా నాన్నగారి కాలం నాటిది. దాని లోపల ఇనుప రేకులు, రాగి తీగ, నూనె తప్ప మరొకటి లేదు కనుక ఒకవేళ వైండింగ్ కాలినా మోటార్లు చుట్టే ఏ దుకాణంలోనైనా చుట్టి ఇస్తారు, పూర్తిగా పాడైనా రాగి ధర చేతికి వస్తుంది. పైపులకు రంగు వేసే చోట, గ్రైండర్ తిరిగే చోట, వానజల్లు పడే చోట ఒకే రకంగా పనిచేస్తుంది. మందమైన ఛానళ్ల మూలల్లో డీసీ మీద వెల్డింగ్ చేస్తే ఆర్క్ ఒక పక్కకు కొట్టుకుపోవడం చాలామంది చూసే ఉంటారు. ఏసీ మీద ఆ బెడద దాదాపు ఉండదు.

అయితే 18 గేజీ పైపుకు నేను కూడా దీన్ని సిఫారసు చేయను. తక్కువ యాంపియర్ల దగ్గర ఏసీ ఆర్క్ నిలకడగా ఉండదు, కాస్త పెంచితే పైపుకు రంధ్రం పడుతుంది. భారం మోసే అతుకులకు వాడే 7018 రకం రాడ్లు కూడా అన్ని ఆయిల్ మిషన్ల మీదా సరిగ్గా కాలవు. నా ఉద్దేశంలో మీకు త్రీ ఫేజ్ వచ్చే అవకాశం ఉండి, కేజ్ వీల్సు పనే ప్రధానమైతే ఆ పాత మిషన్‌ను వదులుకోవద్దు. తీసుకునే ముందు మాత్రం ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ మీటరుతో వైండింగ్ చూపించండి, నూనెలో నీరు దిగిందేమో చూడండి, వైండింగ్ రాగిదా అల్యూమినియందా అన్నది నోటిమాట మీద నమ్మకుండా మూత తీయించి టెర్మినల్ దగ్గర గీకి చూడండి.

బోర్డు రిపేరు:

ఇన్వర్టర్ మిషన్ల బోర్డులు బాగుచేయడం నా వృత్తి కనుక అవి ఎందుకు పోతాయో చెబుతాను. నా బల్ల మీదికి వచ్చే వాటిలో ఎక్కువ వాటికి కారణం గ్రైండర్ పొడి. మిషన్ ఫ్యాను గాలితో పాటు ఇనుప రజను కూడా లోపలికి లాగుతుంది, అది బోర్డు మీద పేరుకొని, తేమ తగిలిన రోజున షార్టు చేస్తుంది. మిషన్‌ను గ్రైండర్‌కు దూరంగా, నేల మీద కాకుండా స్టాండు మీద పెట్టి, నెలకొకసారి పొడి గాలితో ఊదించుకునేవారి మిషన్లు నా దగ్గరికి అరుదుగా వస్తాయి. ఊదేందుకు మూత తీసేటప్పుడు ప్లగ్గు పీకిన వెంటనే చేయి పెట్టవద్దు. లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉంటుంది, కనీసం పది నిమిషాలు ఆగాలి.

రెండవ కారణం లైనులో న్యూట్రల్ ఊడడం. అలా జరిగినప్పుడు 230 రావలసిన చోట 400 వోల్టుల దాకా రావచ్చు, దానిని ఆయిల్ మిషన్ కాసేపు ఓర్చుకున్నా ఇన్వర్టర్ ఓర్చుకోదు. పని లేనప్పుడు స్విచ్ ఆపి ఊరుకోకుండా ప్లగ్గు పీకేయడమే మేలు.

కొనేటప్పుడు మిషన్ ముందు భాగంలో పెద్ద అక్షరాలతో రాసిన 200ను చూడవద్దు, వెనుక ఉన్న నేమ్‌ప్లేటు చదవండి. 200 యాంపియర్ల దగ్గర డ్యూటీ సైకిల్ 60 శాతం అని ఉంటే, 40 డిగ్రీల వాతావరణంలో పది నిమిషాలకు ఆరు నిమిషాలు ఆ కరెంటు ఇవ్వగలదని అర్థం. ఆగకుండా కాల్చాలంటే అదే మిషన్ 155 యాంపియర్ల దగ్గర నిలుస్తుంది. ఎండాకాలంలో మన రేకుల షెడ్ల కింద 40 డిగ్రీలు దాటుతుంది కనుక ఇంకొంత తగ్గించి చూసుకోవాలి. డ్యూటీ సైకిల్ అసలు రాయని మిషన్‌ను నేనైతే ముట్టుకోను. అలాగే 200 యాంపియర్లు నిజంగా ఇవ్వాలంటే లైను నుంచి 40 యాంపియర్లకు పైగా లాగక తప్పదు. 16 యాంపియర్ల ప్లగ్గు మీద ఆగకుండా నడపగలిగేది ఆర్క్ దగ్గర 85 యాంపియర్ల లోపే, అంటే పన్నెండో నంబరు రాడ్డు మాత్రమే. కొత్త మిషన్‌లో పదో నంబరు రాడ్డు అంటుకుపోతోందని ఫిర్యాదు చేసేవారిలో చాలామంది కథ ఈ ప్లగ్గు దగ్గరే ఉంటుంది.

కేజ్‌వీల్:

ముగ్గురికీ ధన్యవాదాలు. పాత మిషన్‌కు 230 ట్యాపింగ్ లేదట, రెండు ఫేజుల మీద మాత్రమే నడుస్తుందట. మిత్రుడి ఇన్వర్టర్‌ను తెచ్చి కొలిచాను. ఏమీ నడవనప్పుడు మీటరు దగ్గర, షెడ్డులో కూడా 218 వోల్టులు ఉన్నాయి. పదో నంబరు రాడ్డు కాలుతుండగా మీటరు దగ్గర 210, షెడ్డులో 188 చూపించింది, లైనులో 25 యాంపియర్లు నడిచాయి. మీటరు నుంచి షెడ్డుకు 4 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం వైరు సుమారు 60 మీటర్లు లాగి ఉంది. స్టెబిలైజర్ కొనాలా?

ఐటీఐ మాస్టారు:

స్టెబిలైజర్ అవసరం లేదు. మీ కొలతలే సంగతి చెబుతున్నాయి. ఊరి లైనులో పడిపోయింది 8 వోల్టులు, మీ సొంత వైరులో పడిపోయింది 22 వోల్టులు. 4 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం వైరుకు కిలోమీటరుకు 7.4 ఓమ్‌ల నిరోధం ఉంటుంది. పోను 60, రాను 60 మీటర్లు కలిపితే 0.89 ఓమ్, దానిని 25తో గుణిస్తే సరిగ్గా ఆ 22 వోల్టులే వస్తాయి. దాని స్థానంలో 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు గానీ, 10 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం వైరు గానీ వేస్తే ఈ నష్టం 9 వోల్టులకు దిగి, షెడ్డులో 200 వోల్టులు నిలుస్తాయి. తగిన సామర్థ్యం గల స్టెబిలైజర్ ధర ఈ వైరు ధర కంటే ఎక్కువ అవుతుంది, అది పెట్టినా వైరులో వేడి తగ్గదు సరికదా, లైను నుంచి మరింత కరెంటు లాగి ఆ వేడిని పెంచుతుంది.

230 ట్యాపింగ్ లేదన్నారు కాబట్టి త్రీ ఫేజ్ కనెక్షన్ వచ్చేదాకా పాత మిషన్ మీకు ఉపయోగపడదు, మీ పని కూడా ఎక్కువగా పలుచని పైపులదే. కనుక డ్యూటీ సైకిల్ చూసుకొని ఇన్వర్టర్ తీసుకోండి, షెడ్డులో 16 యాంపియర్ల ప్లగ్గుకు బదులు 32 యాంపియర్ల ఇండస్ట్రియల్ సాకెట్టు, దానికి తగిన ఎంసీబీ పెట్టించండి. 18 గేజీ పైపుకు మామూలు పనులకు వాడే 6013 రకం రాడ్డును నెగటివ్ వైపు పెట్టి కాలిస్తే రంధ్రాలు తగ్గుతాయి. హిచ్‌ల వంటి భారం మోసే అతుకులకు బాగా ఆరబెట్టిన 7018 రాడ్డును పాజిటివ్ వైపు వాడండి. ఛానల్ మూలలో ఆర్క్ పక్కకు పోతే ఎర్త్ క్లాంపును రెండవ కొసకు మార్చి, ఆర్క్‌ను పొట్టిగా పట్టుకుంటే చాలావరకు సర్దుకుంటుంది.

ఆయిల్‌మిషన్:

త్రీ ఫేజ్ లేదంటే నా మాట కూడా ఇన్వర్టరే. కేజ్ వీల్సుకు మాత్రం వెల్డింగ్‌కు ముందు బురద, తుప్పు గ్రైండర్‌తో పూర్తిగా తీయండి. ఆ గ్రైండింగ్‌ను బోర్డు రిపేరు గారు చెప్పినట్లు మిషన్‌కు దూరంగా, వీలైతే షెడ్డు బయటే చేయండి.