గోడ మీది ‘విలువలు’: రాసుకోవాలా, వద్దా?

టైంషీట్ బాధితుడు

మాది హైదరాబాద్‌లో అరవై మందిమి ఉన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. పేరు వద్దులెండి. పోయిన నెల మా సార్ ఏదో సెమినార్‌కి వెళ్లొచ్చి, మనకీ కోర్ వాల్యూస్ ఉండాలన్నారు. అందరం శామీర్‌పేట దగ్గర ఒక రిసార్ట్‌లో రెండు రోజులు కూర్చున్నాం. ఎవరికి తోచింది వాళ్లు రంగు చీటీల మీద రాసి బోర్డుకి అంటించాం. వందకి పైగా చీటీలు పడితే, మధ్యాహ్నం బిర్యానీ వచ్చే వేళకి ఐదు మిగిలాయి: నిజాయితీ, కస్టమరే ముందు, బాధ్యత, కొత్తదనం, కలిసికట్టు. వాటికి వివరణ రాసి, పోస్టర్ వేయించి, కాఫీ మెషీన్ పక్కన తగిలించే పని నాకు పడింది.

సోమవారం మా మేనేజర్ పిలిచి, పని లేక ఖాళీగా ఉన్న ఇద్దరు కుర్రాళ్లు రోజుకి ఎనిమిది గంటలు పని చేసినట్టు టైంషీట్‌లో రాసి, ఆ బిల్లు ఒక క్లయింట్ ఖాతాలో వేసెయ్యమన్నాడు. ‘నిజాయితీ’ చీటీ రాసింది ఆయనే. చేతిరాత నాకు తెలుసు.

ఇవి రాసుకుంటే నిజంగా ఏమైనా ఒరుగుతుందా? రాయకపోతేనే నయమా?

పాత లెక్కలు

హైదరాబాద్‌లో ఉండి ఈ ప్రశ్న అడుగుతున్నారా! మన ఊళ్లో ఒక కంపెనీ పేరే ‘సత్యం’. 2008లో కార్పొరేట్ గవర్నెన్స్‌కి గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా అందుకుంది. 2009 జనవరి 7న, లెక్కలు తప్పుగా చూపించామని ఒప్పుకుంటూ దాని ఛైర్మన్ రామలింగరాజు గారు రాసిన ఉత్తరం బయటికొచ్చింది. పుస్తకాల్లో చూపించిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవు. ఆ అవార్డు తర్వాత వెనక్కి తీసుకున్నారనుకోండి.

అప్పుడు నేను వేరే కంపెనీలో చిన్న అకౌంటెంట్‌ని. ఆ రోజు మా ఆఫీసులో ఎవరూ పని చెయ్యలేదు, టీవీ ముందే ఉన్నాం. అమెరికాలో ఎన్రాన్ అనే పెద్ద ఎనర్జీ కంపెనీదీ ఇదే కథ. వాళ్ల నాలుగు విలువల్లో నిజాయితీ ఒకటి, 2001 డిసెంబర్‌లో దివాలా తీశారు. అప్పట్నించీ ఏ కంపెనీ గోడ మీద ‘నిజాయితీ’ అని కనబడ్డా, ముందు వాళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్ చూడాలనిపిస్తుంది నాకు. రాయకండి. రాస్తే అబద్ధానికి ఫ్రేము కట్టినట్టే.

మందుల మనిషి

లెక్కలు గారూ, ఒక దొంగ ఇంట్లో దేవుడి పటం ఉందని అందరూ పటాలు తీసేస్తారా?

జాన్సన్ అండ్ జాన్సన్ సంగతి చూడండి. వాళ్ల ‘క్రెడో’, అంటే ఎవరి పట్ల తమకి బాధ్యత ఉందో రాసుకున్న కాగితం, 1943 నాటిది. ముందు మందు వాడే రోగి, డాక్టరు, నర్సు, తల్లులు. తర్వాత ఉద్యోగులు, సమాజం. వాటాదారులు చిట్టచివర. 1970లలో ఆ కంపెనీ పెద్ద జేమ్స్ బర్క్ మేనేజర్లందర్నీ కూర్చోబెట్టి, దీని ప్రకారం నడవగలమా, లేకపోతే గోడ మీంచి పీకేద్దామా అని వాదన పెట్టించాడు. 1982లో చికాగో పరిసరాల్లో వాళ్ల నొప్పుల మందు టైలెనాల్ క్యాప్సూల్స్‌లో ఎవరో సయనైడ్ కలిపితే ఏడుగురు చనిపోయారు. తప్పు ఫ్యాక్టరీలో జరిగింది కాదు. అయినా దేశమంతటా దాదాపు 3.1 కోట్ల సీసాలు వెనక్కి పిలిపించారు. ఖర్చు సుమారు 10 కోట్ల డాలర్లు. అలాంటప్పుడు రోగి ముందా, వాటాదారు ముందా అని మళ్లీ మొదట్నించి తేల్చుకోవాల్సిన పని వాళ్లకి లేకపోయింది. ఆ వరస ఎప్పుడో రాసిపెట్టి ఉంది.

మన పోస్టర్లలో లేనిది ఆ వరసే. ఐదూ ఐదే అంటాం. కస్టమరు రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే ‘కస్టమరే ముందు’, ‘కలిసికట్టు’ కొట్టుకుంటాయి. ఎవరు గెలవాలో ఎవరూ రాయరు.

పాత లెక్కలు

వరస అన్న మాట బాగుంది, ఒప్పుకుంటా. కానీ అదే కంపెనీ మీద బేబీ పౌడర్ కేసులు వేలల్లో ఉన్నాయి. క్యాన్సర్‌కీ దానికీ సంబంధం లేదని వాళ్లంటారు. అయినా టాల్కం రకాన్ని 2020లో అమెరికా, కెనడాల్లోనూ, 2023లో ప్రపంచమంతటా ఆపేశారు. ‘తల్లులు ముందు’ అని రాసుకున్నవాళ్లే! 1982 నాటి పుణ్యం ఎన్నేళ్లు తింటారు?

కూకట్‌పల్లి పోరడు

మా దాంట్ల గూడ గిదే కథ అన్నా. నాలుగు విలువలు ఐడీ కార్డు ఎనక ముద్రించిన్రు. మొన్న లేఆఫ్‌ల పిలిచి ముందుగాల ఆ కార్డే గుంజుకున్నరు 😀

నైట్‌షిఫ్ట్ అక్క

నేను హెచ్ఆర్‌లో పదకొండేళ్ల నుంచి ఉన్నాను, తిట్టుకోకండి. విలువలు అలంకారమైతే నాకు భయం లేదు. అవి కర్ర అయినప్పుడే భయం. ఎవరైనా మీటింగ్‌లో ‘ఈ తేదీకి కుదరదు’ అంటే అప్రైజల్‌లో ‘బాధ్యత తక్కువ’ అని రాస్తారు. ఇంటర్వ్యూలో అమ్మాయి జీతం గట్టిగా అడిగితే ‘మన కల్చర్‌కి సరిపోదు’. ఇవన్నీ నా చేత్తోనే ఫైల్లో పెట్టాను.

2022లో రెండో ఉద్యోగం గొడవ గుర్తుందా? చాటుగా వేరే కంపెనీకీ పని చేస్తున్నారని విప్రో 300 మందిని పంపించింది. ఒప్పందం మీరారు, అది తప్పే అనండి, నేనూ అంటాను. కానీ చాలాచోట్ల ఉద్యోగి మానాలంటే తొంభై రోజుల నోటీసు, కంపెనీ మాన్పించాలంటే సాయంత్రానికి ల్యాప్‌టాప్ ఇచ్చెయ్యడం. నిజాయితీ ఎప్పుడూ ఒకవైపు నుంచే కొలుస్తారు. టైంషీట్ తమ్ముడూ, నీ పోస్టర్లో పైవాళ్లకి కష్టమయ్యే వాక్యం ఒక్కటైనా ఉందేమో చూడు.

కిరాణా కొట్టు

నాది నరసరావుపేట. మూడు కొట్లు. ఇంత పెద్ద మాటలు నాకు రావు గానీ తూకం సంగతి చెబుతాను.

మా నాన్న త్రాసుతో తూచేవాడు. ముల్లు నడుమ నిలిచేదాకా చెయ్యి తీసేవాడు కాదు. ఎక్కడా రాసుకోలేదు. పక్కన నిలబడి చూసేవాణ్ణి, అంతే. కాంటాలు వచ్చాయి, కొట్లు మూడయ్యాయి, నేను ఒక్కణ్ణే. కుర్రాళ్లు పప్పు ఎత్తు నుంచి పోస్తారు, ఆ దెబ్బకి అంకె ఒక్కసారి పైకి ఎగురుతుంది. కిందికి దిగేలోపే పొట్లం కట్టేస్తారు. కేజీకి పదిహేను, ఇరవై గ్రాములు తక్కువ పోతుంది. దొంగతనం అని వాళ్లకి తెలియదు కూడా, తొందరంతే. చెప్పి చెప్పి చివరికి కాంటా మీద రాయించాను: ‘ముందు సున్నా, తర్వాత సరుకు. అంకె నిలిచాకే పొట్లం.’

‘నిజాయితీ’ అని రాయించి ఉంటే ఎవడూ చదివేవాడు కాదు. ఇది కొనేవాళ్లు కూడా చదువుతున్నారు, ‘ఏరా, సున్నా చూపించు’ అంటున్నారు.

మందుల మనిషి

ఇదండీ నేను చెప్పబోయింది!

పాత లెక్కలు

కొట్టు గారూ, మీ వాక్యం బాగుంది, కాదనను. ఒక్కటి అడుగుతాను. దాన్ని మీరినవాణ్ణి ఎప్పుడైనా తీసేశారా?

కిరాణా కొట్టు

ఇద్దర్ని తీసేశాను. మూడోవాడు మా అక్క కొడుకు. వాడు తొందరపడి కాదు, కావాలనే చేశాడు. తియ్యలేకపోయాను. గోడౌన్‌కి మార్చాను.

పాత లెక్కలు

మిగతా కుర్రాళ్లు ఆ బోర్డుని ఇప్పుడు ఎలా చదువుతున్నారో అడిగారా?

కిరాణా కొట్టు

అడగలేదండి.

టైంషీట్ బాధితుడు

అందరికీ థాంక్స్. ఆ ఇద్దరి గంటలూ నేను వెయ్యలేదు, మేనేజర్ వేరేవాళ్లతో వేయించాడు. అది కూడా చెప్పాలి కదా.

అక్క చెప్పినట్టు పోస్టర్ డ్రాఫ్టులో ‘నిజాయితీ’ తీసేసి, ‘చెయ్యని గంటకి బిల్లు వెయ్యం’ అని పెట్టి మా సార్‌కి పంపాను. ఇందాకే జవాబొచ్చింది. మిగతా నాలుగూ బాగున్నాయట. ఇది మాత్రం క్లయింట్లు ఆఫీసుకి వచ్చినప్పుడు చూస్తే ఏమనుకుంటారు, కాస్త పాజిటివ్‌గా మార్చి పంపమన్నారు.

నైట్‌షిఫ్ట్ అక్క

మార్చావా?

టైంషీట్ బాధితుడు

పొద్దున్నుంచీ ఫైల్ తెరిచే ఉంది అక్కా.