మనోవిజ్ఞానశాస్త్ర పరిచయం: చరిత్రతో మొదలుపెట్టాలా, ప్రయోగంతోనా?

ప్రశ్న (కొత్తగా పాఠం చెప్పబోతున్న అధ్యాపకురాలు)

అందరికీ నమస్కారం. వచ్చే సెమిస్టరు నుంచి డిగ్రీ మొదటి సంవత్సరం వారికి మనోవిజ్ఞానశాస్త్ర పరిచయం బోధించే బాధ్యత నాకు అప్పగించారు. వీరిలో చాలామంది వాణిజ్యశాస్త్రమో, కంప్యూటర్లో, సాహిత్యమో చదువుతూ దీనిని ఐచ్ఛికంగా ఎంచుకున్నవారు. నేను చదువుకున్న రోజుల్లో మొదటి నెలంతా చరిత్రే చెప్పేవారు. 1879లో లైప్‌జిగ్‌లో వుంట్ నెలకొల్పిన ప్రయోగశాలతో మొదలై, సంరచనావాదం, కార్యాత్మకవాదం, ప్రవర్తనావాదం, గెస్టాల్ట్ వాదం, మనోవిశ్లేషణ వరుసగా వచ్చేవి. గత ఏడాది వేరొకరి బదులు రెండు వారాలు పాఠం చెప్పవలసి వచ్చినప్పుడు నేనూ అదే వరుసలో వెళ్లాను. మూడో రోజుకే వెనక బెంచీలు ఖాళీ అయ్యాయి. ఉన్నవారు కూడా ఎదుటివారి మనసులోని మాటను ముఖం చూసి చెప్పడం ఎప్పుడు నేర్పుతారనీ, కలలకు అర్థాలు ఏ పాఠంలో వస్తాయనీ అడిగారే తప్ప చెప్పినదాని గురించి ఒక్క ప్రశ్న వేయలేదు.

నా సందేహాలు రెండు. పరిచయం ఎక్కడ మొదలుపెడితే ఇది శాస్త్రమన్న సంగతి వారికి మొదటి వారంలోనే తెలుస్తుంది? పారిభాషిక పదాలను తెలుగులో చెప్పడం మేలా, ఇంగ్లీషు పదాలనే వాడడం మేలా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సమాధానం 1 (చాలాకాలంగా ఇదే పాఠం చెబుతున్నవారు)

మేడమ్, మీ విద్యార్థులు ఖాళీ బుర్రలతో రావడం లేదు. మనసు గురించి తమకు అంతా తెలుసునన్న నమ్మకంతో వస్తున్నారు. రసాయనశాస్త్రం చెప్పేవారికి లేని ఇబ్బంది ఇది. అందువల్ల ఆ నమ్మకాన్ని వారి చేతనే ఒకసారి తప్పని తేల్పించడం అన్నిటికంటే ముందు చేయవలసిన పని అని నా అభిప్రాయం.

నేను మొదటి తరగతిలో, పేరు కూడా చెప్పుకోకముందే, ఈ పదిహేను మాటలను రెండు సెకన్లకు ఒకటి చొప్పున చదువుతాను: మంచం, దిండు, దుప్పటి, అలసట, కునుకు, ఆవులింత, కల, గురక, రాత్రి, జోలపాట, మెలకువ, విశ్రాంతి, పరుపు, మగత, బద్ధకం. తరువాత రెండు నిమిషాలు చిన్న చిన్న కూడికలు చేయించి, గుర్తున్న మాటలన్నీ కాగితం మీద రాయమంటాను. ఊహించి రాయవద్దనీ, కచ్చితంగా విన్నామని అనుకున్నవే రాయాలనీ గట్టిగా చెబుతాను. చివరికి "నిద్ర" అని రాసినవారిని చేతులెత్తమంటే, ప్రతి ఏడాదీ కొన్ని చేతులు ఎంతో ధైర్యంగా లేస్తాయి. ఆ మాట జాబితాలో లేదని చెప్పగానే తరగతి రెండు నిమిషాలు అదుపులో ఉండదు. ఉండనివ్వండి.

ఈ పద్ధతిని 1959లో డీస్ వాడారు, 1995లో రోడిగర్, మెక్‌డెర్మట్ మళ్లీ వెలుగులోకి తెచ్చారు. స్మృతి అంటే గిడ్డంగిలో దాచిన సరుకు కాదనీ, గుర్తు తెచ్చుకున్న ప్రతిసారీ మనసు దాన్ని కొంత అల్లుకుంటుందనీ నిర్వచనం చెప్పకుండానే వారికి అర్థమవుతుంది. కానీ ఇక్కడే ఆపితే అది గారడీగానే మిగిలిపోతుంది. కాబట్టి ఆ వెంటనే లాఫ్టస్, పామర్ 1974లో ప్రచురించిన ప్రయోగాలలో రెండోదాన్ని బల్ల మీద అంకెలతో సహా రాస్తాను. కార్లు ఢీకొనే చిన్న ఫిల్మును 150 మంది విద్యార్థులకు చూపారు. "నుజ్జునుజ్జయ్యేలా ఢీకొన్నప్పుడు ఎంత వేగంతో వెళ్తున్నాయి?" అని 50 మందిని, "గుద్దుకున్నప్పుడు ఎంత వేగంతో వెళ్తున్నాయి?" అని మరో 50 మందిని అడిగారు. మిగిలిన 50 మందిని వేగం గురించి అడగనే లేదు. వారం తరువాత అందరినీ పగిలిన గాజు చూశారా అని అడిగితే, మొదటి గుంపులో 16 మంది, రెండో గుంపులో ఏడుగురు, మూడో గుంపులో ఆరుగురు చూశామన్నారు. ఫిల్ములో గాజు పగలనే లేదు.

ఇప్పుడు ఆ మూడో గుంపు ఎందుకు ఉండాలని అడగండి. కాసేపు మౌనం తరువాత ఎవరో ఒకరు, ఏ మాటా చెవిన వేయకపోయినా ఆరుగురు గాజు చూశామన్నారు కదా, ఆ ఆరుగురి లెక్క తెలియకపోతే పదహారులో ఎంత భాగం మాట ప్రభావమో ఎలా చెప్పగలమని అంటారు. స్వతంత్ర చరం (మనం మార్చేది), పరతంత్ర చరం (దానివల్ల మారుతుందా అని కొలిచేది), నియంత్రిత సమూహం (పోలిక కోసం ఉంచే గుంపు), యాదృచ్ఛిక కేటాయింపు (ఎవరు ఏ గుంపులోకో చీటీ తీసినట్టు నిర్ణయించడం) అన్నవన్నీ ఆ పది నిమిషాల్లో పూర్తయిపోతాయి. పరిశోధనా పద్ధతుల అధ్యాయాన్ని విడిగా చెబితే ఇదే విషయానికి వారం పడుతుంది, అయినా పరీక్షలో తారుమారు చేసి రాస్తారు.

ముఖం చూసి మనసు చెప్పమనే వారికోసం రెండో తరగతిలో ఫోరర్ 1949లో ప్రచురించిన ప్రయోగం పెట్టుకోండి. ఆయన తన విద్యార్థులకు మూర్తిమత్వ పరీక్ష పెట్టి, ఎవరి ఫలితం వారికి ఇస్తున్నట్టుగా అందరికీ ఒకే వర్ణనను పంచారు. తమకు ఎంత బాగా సరిపోయిందో సున్నా నుంచి అయిదు వరకు మార్కులు వేయమంటే సగటు 4.26 వచ్చింది. కాగితాలు పక్కవారితో మార్చుకోమన్నప్పుడు తరగతిలో వారి ముఖాలు చూడాలి. ఆ తరువాత జాతకం గురించి మనం ఒక్క మాట కూడా అనవలసిన అవసరం ఉండదు.

సమాధానం 2 (పరిశోధక విద్యార్థి)

పై సమాధానంలోని ప్రదర్శనల విలువను కాదనను గాని, చరిత్రను పక్కన పెట్టడం మాత్రం నాకు నచ్చలేదు. చరిత్ర విసుగు పుట్టించడానికి కారణం దాన్ని పేర్లూ సంవత్సరాలుగా చెప్పడమే. తగాదాగా చెప్పి చూడండి. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో వ్యుర్ట్స్‌బర్గ్ పరిశోధకులు, మనసులో ఏ బొమ్మా లేకుండానే ఆలోచన సాగగలదని తమ అంతఃపరిశీలన (తన మనసులో జరిగేదాన్ని తానే గమనించి చెప్పడం) ఆధారంగా ప్రకటించారు. వుంట్ శిష్యుడైన టిచెనర్ తన ప్రయోగశాలలో అదే అంతఃపరిశీలన చేయించి, అలాంటి ఆలోచన లేదని తేల్చారు. ఇద్దరిలో ఎవరిది ఒప్పో తేల్చే మూడో మనిషి లేడు, ఎందుకంటే ఒకరి మనసులోకి మరొకరు తొంగిచూడలేరు. 1913లో ప్రవర్తనావాదానికి ఆద్యుడైన వాట్సన్ అంతఃపరిశీలనను వదిలి ప్రవర్తననే చూద్దామని ఎందుకు అన్నాడో ఈ గొడవ తెలిసినవారికి సులభంగా అర్థమవుతుంది. తెలియనివారికి ప్రవర్తనావాదం మొండివాదంలాగే కనిపిస్తుంది.

మరో మాట. పాఠ్యపుస్తకాల్లోని ప్రసిద్ధ ప్రయోగాలన్నిటినీ ఒకే గొంతుతో చెప్పకండి. 1971 నాటి స్టాన్‌ఫర్డ్ జైలు ప్రయోగం (విద్యార్థులను ఖైదీలుగా, కాపలాదారులుగా నకిలీ జైలులో ఉంచినది) రెండు వారాలనుకున్నది ఆరు రోజులకే ఆగిపోయిందని అన్ని పుస్తకాలూ రాస్తాయి. కాపలాదారుల పాత్ర వేసినవారికి ఎలా ప్రవర్తించాలో ముందే సూచనలు అందాయన్న విమర్శను చాలా పుస్తకాలు రాయవు. 2015లో ఒక పెద్ద పరిశోధక బృందం, ప్రచురితమైన 100 మనోవిజ్ఞాన అధ్యయనాలను తిరిగి నిర్వహించింది. మూల అధ్యయనాల్లో 97 శాతం గణాంకపరంగా సార్థకమైన (కేవలం కాకతాళీయమని తేలిగ్గా కొట్టిపారేయలేని) ఫలితాలు చూపగా, తిరిగి చేసినప్పుడు 36 శాతమే చూపాయి. ఈ సంగతి పీజీకి వచ్చాక గాని నాకు తెలియలేదు. మొదటి నెలలోనే తెలిసి ఉండవలసింది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. తగాదాగా చెప్పాలన్న సూచన బాగా నచ్చింది. అయితే ఆ 36 శాతం సంగతి మొదటి నెలలోనే చెబితే, అలాగైతే ఈ శాస్త్రం నేర్చుకోవడం దేనికని పిల్లలు లేచిపోరా?

సమాధానం 1 (తిరిగి)

నాకూ మొదట ఆ భయం ఉండేది. నిలబడినవాటిని పక్కనే చూపించండి. ఎరుపు సిరాతో "నీలం" అని రాసి సిరా రంగు చెప్పమంటే నాలుక తడబడుతుందన్న స్ట్రూప్ ఫలితం 1935 నాటిది. తరగతిలో ఎప్పుడు చేయించినా వస్తుంది. ఎబ్బింగ్‌హౌస్ 1885లో అర్థం లేని అక్షరాల కూర్పులను తానే బట్టీపట్టి, తన మీదనే లెక్కగట్టిన విస్మృతి వక్రరేఖను (నేర్చినది కాలం గడిచేకొద్దీ ఎంత మరచిపోతామో చూపే గీతను) 2015లో మరో ఇద్దరు పరిశోధకులు తిరిగి రాబట్టారు. ఒకే ఏడాది కొన్ని నిలిచాయి, చాలా కూలాయి. తన లెక్క తానే సరిచూసుకుంటున్న శాస్త్రమని విద్యార్థులు నేననుకున్నంత కష్టం లేకుండానే గ్రహించారు.

సమాధానం 3 (తెలుగు మాధ్యమంలో బోధించేవారు)

పదాల సందేహానికి ఎవరూ సమాధానం ఇవ్వలేదు కాబట్టి నేను రాస్తున్నాను. తెలుగు పదాలే వాడండి, కాని వాటిలో మూడు నాలుగు చోట్ల గోతులున్నాయి. గంట మోగితే చాలు కుక్క నోట్లో నీళ్లూరేలా అలవాటు కావడం గురించిన పావ్లోవ్ పాఠానికి మన పుస్తకాల్లో "శాస్త్రీయ నిబంధనం" అని పేరు. శాస్త్రీయ సంగీతం అనేటప్పుడు ఉండే "క్లాసికల్" అర్థంలో వాడిన ఆ మాటను చూసి, అలాగైతే స్కిన్నర్ చెప్పిన "కార్యసాధక నిబంధనం" (చేసిన పనికి వచ్చే ఫలితాన్ని బట్టి ఆ పని పెరగడం, తగ్గడం) అశాస్త్రీయమా అని ఒక విద్యార్థి నన్ను అడిగాడు. తప్పు అతనిది కాదు. అలాగే "ప్రత్యక్షం" అనగానే దేవుడు ప్రత్యక్షం కావడమే మనసులో మెదులుతుంది. ఇంద్రియాలకు అందినదానికి మెదడు అర్థం కల్పించుకోవడమని చెప్పేలోగా సగం తరగతి నవ్వుతుంది.

అన్నిటికంటే పెద్ద గొయ్యి "రుణాత్మక పునర్బలనం". రుణాత్మకం అనగానే శిక్ష అనుకుంటారు. కారులో సీటు బెల్టు పెట్టుకునేదాకా మోగే మోత ఉదాహరణగా చెప్పండి. బెల్టు పెట్టగానే మోత ఆగుతుంది, అందువల్ల మరుసటిసారి బెల్టు ఇంకా త్వరగా పెట్టుకుంటాం. బాధించేది తొలగిపోయింది, ప్రవర్తన పెరిగింది. శిక్షలో ప్రవర్తన తగ్గుతుంది. ముందు మోత వినిపించి, పేరు ఆ తరువాత చెబితే పొరపాటు చాలావరకు తప్పుతుంది. పుస్తకంలో వరుస దీనికి తలకిందులుగా ఉంటుంది. తెలుగు పదం పక్కనే ఇంగ్లీషు పదాన్ని కూడా బల్ల మీద రాయండి, రేపు వారు చదవబోయే వ్యాసాలు ఎక్కువగా ఆ భాషలోనే ఉంటాయి.

సమాధానం 4 (ఈ కోర్సు చదివిన విద్యార్థిని)

అధ్యాపకుల మధ్య నేను మాట్లాడవచ్చో లేదో తెలియదు, క్షమించండి. మాకు మానసిక రుగ్మతల పాఠం చెప్పినవారు లక్షణాల జాబితాలను వరుసగా చదివించి వెళ్లిపోయారు. ఆ వారం మా హాస్టలు గదిలో నలుగురిలో ముగ్గురం మాకు ఏదో ఒకటి ఉందని తీర్మానించుకున్నాం. నాలుగో అమ్మాయికి నిజంగానే సహాయం అవసరమైంది, కాని ఎవరిని కలవాలో మాకు ఎవరూ చెప్పలేదు. లక్షణం ఎంతకాలం ఉండాలి, రోజువారీ జీవితానికి ఎంత అడ్డుపడాలి అన్నది మొదట చెప్పి, ఆ తరువాత జాబితాకు వెళ్లండి. కళాశాలలో కౌన్సెలర్ ఉంటే ఆ రోజే పరిచయం చేయండి.

ఇంకొకటి, ప్రతి వారం మార్కులు లేని చిన్న పరీక్ష పెట్టండి. రోడిగర్, కార్పికే 2006లో చూపినది నాకు బాగా పనికొచ్చింది. పాఠాన్ని మళ్లీ చదివినవారు అయిదు నిమిషాల తరువాత ముందున్నారు. చదివాక చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవారు మాత్రం వారం తరువాత వారిని దాటేశారు, 56 శాతం గుర్తుంచుకున్నారు. మళ్లీ చదివినవారికి గుర్తున్నది 42 శాతమే. చదివితే బాగా వచ్చినట్టు అనిపించడం వేరు, రావడం వేరు అని మాకు ముందే తెలిసి ఉంటే మొదటి సెమిస్టరులో అన్ని రంగుల పెన్నులతో గీతలు గీసి ఉండేవాళ్లం కాదు.

ప్రశ్న అడిగినవారు

అమ్మా, మీ సమాధానం చదివాక రుగ్మతల పాఠం మొత్తం మళ్లీ రాసుకుంటున్నాను. పదిహేను మాటల జాబితాను నిన్న మా విభాగంలో నలుగురి మీద ప్రయత్నించాను. ఇద్దరు "నిద్ర" అని రాశారు. వారిలో ఒకరు జాబితా చూపించిన తరువాత కూడా ఒప్పుకోలేదు. "గురక" చదివిన వెంటనే నేను ఆ మాట చదివాననీ, అప్పుడు నా గొంతు కాస్త తగ్గిందనీ కూడా చెప్పారు.