ఫ్రేములో ఉన్న పాత చిలకల చిత్రం ఆడబన్ కాలపు అసలు ముద్రణేనా?

ప్రశ్న

మా కుటుంబంలో పెద్దల నుంచి నాకు వచ్చిన ఒక ఫ్రేములో, ముళ్ళకాయల మొక్క మీద వాలిన ఏడు ఆకుపచ్చ చిలకల రంగుల చిత్రం ఉంది. వాటిలో ఎక్కువ వాటికి తల పసుపు రంగులో ఉంటుంది. చిత్రం అడుగున ఎడమవైపు జె. జె. ఆడబన్ అన్న పేరు, కుడివైపు హావెల్ అన్న పేరు, పైన రోమన్ అంకెల్లో 26 అన్న సంఖ్య ఉన్నాయి. కాగితం బాగా పసుపెక్కినందువల్ల ఇది పందొమ్మిదో శతాబ్దపు అసలు ప్రతే అని ఇంట్లో అందరూ నమ్ముతున్నారు. అద్దం లోపల కనిపించే భాగం ఎత్తు 20 అంగుళాలు, వెడల్పు 14 అంగుళాలు. ఫ్రేము విప్పకుండా దీని వయసు తేల్చడానికి మార్గం ఉందా? ఈ ఇద్దరిలో అసలు చిత్రకారుడు ఎవరు?

మొదటి జవాబు

పేర్లను కాసేపు పక్కన పెట్టి, ముందుగా ఒక చిలకను ముక్కు నుంచి తోక చివరి దాకా కొలవండి. అమెరికా పక్షుల చిత్రాలకు పేరుపొందిన ఆడబన్ తన 'బర్డ్స్ ఆఫ్ అమెరికా' అనే చిత్రమాలలో ప్రతి పక్షినీ దాని నిజమైన పరిమాణంలోనే చూపాలని పట్టుబట్టాడు. 1827 నుంచి 1838 వరకు విడతకు ఐదు చొప్పున 87 విడతలుగా చందాదారులకు అందిన ఆ 435 చిత్రాల కాగితం దాదాపు 39 అంగుళాల ఎత్తు, 26 అంగుళాల వెడల్పు ఉండటానికి కారణం అదే. అంత కాగితం కూడా చాలకనే ఫ్లెమింగోను మెడ కిందికి వంచి నిలబెట్టవలసి వచ్చింది. మీ చిత్రంలోనివి కరొలైనా చిలకలు. వాటి పొడవు సుమారు 13 అంగుళాలు. అలాంటివి ఏడు 20 అంగుళాల ఎత్తులో ఇమిడాయంటే వాటిని కుదించారనే అర్థం. ఎవరో అంచులు కత్తిరించి ఉంటారన్న వాదన ఇక్కడ నిలవదు, ఎందుకంటే కత్తిరిస్తే చుట్టూ ఉన్న ఖాళీ పోతుంది గాని పక్షి చిన్నదైపోదు.

ఆడబన్ బతికి ఉండగానే, 1840 నుంచి 1844 వరకు ఒక చిన్న ముద్రణ కూడా వెలువడింది. ఫిలడెల్ఫియాలో జె. టి. బోవెన్ అచ్చువేసిన ఆ లిథోగ్రాఫులు (రాతి పలక నుంచి తీసిన అచ్చులు) సుమారు పది అంగుళాల ఎత్తే ఉంటాయి, పైగా వాటి మీద పెద్ద ముద్రణ పలకలను చెక్కిన హావెల్ పేరు ఉండదు. మీ చిత్రం ఈ రెండు కొలతలకూ సరిపోవడం లేదు. ఇరవయ్యో శతాబ్దంలో లెక్కలేనన్ని నకళ్ళు వచ్చాయి; వాటిని తయారుచేసినప్పుడు కింది అక్షరాలనూ బొమ్మతోపాటే ఫొటో తీశారు గనుక, ఆ పేర్లు ఉన్నంత మాత్రాన ఏదీ రుజువు కాదు.

అద్దం మీదుగానే మంచి భూతద్దంతో ఆకుపచ్చ రంగును పరిశీలించండి. వరుస తీరిన సన్నని రంగు చుక్కలు కనిపిస్తే అది ఫొటో నుంచి చేసిన యంత్రముద్రణ. అసలు ప్రతిలో అయితే, రాగి పలకను ఆమ్లంతో తినిపించి నీడలు తెచ్చే ఆక్వాటింట్ పద్ధతిలో చేసిన నీడలో రేణువులు క్రమం లేకుండా ఉంటాయి, చేత్తో పూసిన రంగు అక్కడక్కడ గీత దాటుతుంది. పసుపెక్కడం గురించి కూడా ఒక మాట: చెక్కగుజ్జుతో చేసిన చౌక కాగితమే త్వరగా పసుపెక్కుతుంది. హావెల్ వాడిన వాట్‌మన్ కాగితం గుడ్డపీలికల గుజ్జుతో చేత్తో చేసినది కాబట్టి, సరిగా భద్రపరిస్తే ఇన్నేళ్ళ తర్వాత కూడా మీ ప్రతి కంటే తెల్లగా ఉండే అవకాశమే ఎక్కువ.

రెండో జవాబు

చిత్రకారుడు ఎవరన్న ప్రశ్నకు ఒక్క పేరుతో జవాబు చెప్పడం నాకు న్యాయంగా తోచదు. 1785లో, నేటి హైతీలో పుట్టి ఫ్రాన్సులో పెరిగిన ఆడబన్, అమెరికాలో వ్యాపారం దివాలా తీశాక పూర్తిగా పక్షుల వైపు మళ్ళాడు. పక్షులను స్వయంగా వేటాడి, రంగు వాడిపోకముందే తీగలతో సజీవ భంగిమలో బిగించి జలవర్ణాలతో గీసేవాడు. ఎన్నో చిత్రాల్లో మొక్కలను గీసింది జోసెఫ్ మేసన్ అనే కుర్రవాడు, అయితే అచ్చయిన చిత్రాల మీద అతని పేరు లేదు. ఆ చిత్రాలను రాగి పలకల మీద చెక్కడం ఎడిన్‌బరోలో విలియం లిజార్స్ మొదలుపెట్టగా, ఆ పనిని లండన్‌లో రాబర్ట్ హావెల్ అందుకొని పూర్తిచేశాడు. రంగులు నింపింది అతని కార్ఖానాలోని పనివారు. ఆడబన్ బానిసలను కొని అమ్మినవాడు కూడా. ఆ కారణంగానే అమెరికాలో కొన్ని పక్షి సంఘాలు ఇటీవల తమ పేర్ల నుంచి అతని పేరును తొలగించాయి.

మీ చిత్రంలోని జాతి ఇప్పుడు లేదు. మనిషి సంరక్షణలో మిగిలిన చివరి కరొలైనా చిలక 1918లో సిన్సినాటి జంతుప్రదర్శనశాలలో చనిపోయింది.

ప్రశ్నించినవారి స్పందన

కొలిచి చూశాను. అన్నిటికంటే పెద్దగా ఉన్న చిలక ఏడు అంగుళాలకు మించలేదు. భూతద్దంలో నీలం, పసుపు చుక్కల వరుసలు స్పష్టంగా కనిపించాయి. నకలే అయినా దాన్ని గోడ మీదే ఉంచాలనుకుంటున్నాను. కాగితం ఇంకా పాడుకాకుండా ఏం చేయాలి?

మూడో జవాబు

చిత్రం చుట్టూ ఉన్న అట్ట లోపలి అంచు వెంబడి గోధుమరంగు చార ఉంటే, ఆ అట్టలోని ఆమ్లం కాగితాన్ని తింటోందన్నమాట. ఫ్రేములు కట్టే అనుభవజ్ఞుల చేత ఆమ్లరహితమైన అట్టను ముందూ వెనకా వేయించండి, కాగితం అద్దానికి తగలకుండా చూడమనండి. టేపుతోగాని, జిగురుతోగాని అతికించనివ్వవద్దు. నేరుగా ఎండ పడే గోడ, చెమ్మ ఎక్కే గోడ రెండూ పనికిరావు. పసుపుదనం పోగొట్టాలని ఇంట్లో తడిగుడ్డతో తుడవడం లాంటివి అసలు చేయకండి.