నెలసరి క్రమం తప్పుతున్నప్పుడు పద్నాలుగో రోజు లెక్క పనికివస్తుందా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. నా వయసు 29, పెళ్లయి రెండేళ్లయింది. వంటింటి గోడ మీది క్యాలెండర్‌లో నెలసరి వచ్చిన తేదీలకు సున్నా చుడుతున్నాను. పోయిన మూడుసార్లూ 38, 52, 44 రోజుల ఎడంతో వచ్చింది. అందరూ చెప్పినట్టే పన్నెండో రోజు నుంచి పదహారో రోజు వరకు కలుస్తున్నా, ఎనిమిది నెలలుగా ఫలితం లేదు. అంతకుముందు ఒకసారి డాక్టరు ఐదు రోజులకు మాత్రలిస్తే, అవి ఆపాక నెలసరి వచ్చింది. అంటే అండం విడుదలైనట్టేనా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: చెల్లెమ్మా, ఇదే లెక్క పట్టుకుని నేనూ ఏడాది పోగొట్టుకున్నాను కాబట్టి వివరంగా రాస్తున్నాను. పద్నాలుగో రోజు అన్నది 28 రోజులకొకసారి నెలసరి వచ్చేవారికి సరిపోయే మాట. అండం విడుదలయ్యాక నెలసరి రావడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది, ఆ వ్యవధి పెద్దగా మారదు. సాగేదీ తగ్గేదీ దానికి ముందున్న భాగమే. అందువల్ల 38 రోజుల నెలలో మీకు సుమారు 24వ రోజున, 52 రోజుల నెలలో, అసలు విడుదలై ఉంటే, 38వ రోజు ప్రాంతంలో అండం విడుదలై ఉండాలి. మీరు పాటించిన ఐదు రోజులు అంతకు చాలా ముందే గడిచిపోయాయి. ఈ సంగతి నాకు ఎవరూ ముందుగా చెప్పలేదన్న బాధ ఇప్పటికీ ఉంది.

అండం ఒక రోజుకు మించి నిలవదు గానీ, వీర్యకణాలు లోపల ఐదు రోజుల దాకా బతకగలవు. కాబట్టి తేదీలు చూడకుండా, నెలసరి ఆగినప్పటి నుంచి రెండు మూడు రోజులకొకసారి కలవడమే మేలు. తెల్లబట్ట పచ్చి గుడ్డు సొనలా పలచగా, రెండు వేళ్ల మధ్య తెగకుండా సాగుతుంటే అవి అనుకూలమైన రోజులు. మందుల షాపులో దొరికే ఓవులేషన్ కిట్లను పూర్తిగా నమ్మకండి; అవి చూసేది అండం విడుదలకు ముందు పెరిగే ఎల్‌హెచ్ హార్మోనును; పీసీఓఎస్ (హార్మోన్ల తేడా వల్ల అండం సరిగా విడుదల కాక నెలసరి తప్పే సమస్య) ఉన్నవారిలో అది ఎప్పుడూ ఎక్కువగానే ఉండవచ్చు గనుక, అండం విడుదల కాకపోయినా గీత ముదురుగా కనిపించవచ్చు.

మాత్రలు ఆపాక వచ్చింది గర్భసంచి లోపలి పొర ఊడి వచ్చిన రక్తస్రావమే తప్ప, అండం విడుదలైందనడానికి సాక్ష్యం కాదు.

ఏడాది ఆగి చూడమనే సలహా నెలసరి సక్రమంగా ఉన్నవారికి. మీరు ఇప్పుడే గైనకాలజిస్టును కలిసి థైరాయిడ్, ప్రొలాక్టిన్ హార్మోన్ల పరీక్షలు, స్కాన్ సంగతి అడగండి, ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు మొదలుపెట్టండి. మీవారి వీర్య పరీక్ష కూడా ఆ వారంలోనే చేయించండి. మా ఇంట్లో దాన్ని అన్నిటికన్నా చివరికి నెట్టారు, ఆ ఆలస్యం ఖరీదు నేను మోశాను.

ప్రశ్న: ధన్యవాదాలు అక్కా. అండం విడుదలైందో లేదో తెలుసుకోవడానికి ఇరవై ఒకటో రోజున ప్రొజెస్టిరాన్ హార్మోను పరీక్ష చేయించుకోమన్నారు. అండం విడుదల కావడానికి లెట్రోజోల్ అనే మందు కూడా ఇస్తారట, మన దేశంలో దాన్ని నిషేధించారని ఎక్కడో చదివాను.

జవాబు: ఇరవై ఒకటి కూడా 28 రోజుల లెక్కే. మీ నెల పొడవును డాక్టరుకు చెప్పి, పరీక్షను ఆలస్యంగా చేయించాలా, వారం వారం మళ్లీ చేయించాలా అని అడగండి. ఫాలిక్యులర్ స్కాన్‌లో అండం ఉండే తిత్తి పెరుగుదల నేరుగా తెలుస్తుంది. లెట్రోజోల్‌ను ఈ అవసరానికి వాడకూడదని 2011లో నిషేధించిన మాట నిజమే, 2017లో ఆ నిషేధం ఎత్తేశారు. ఇప్పుడు పీసీఓఎస్‌లో అండం విడుదలకు మొదట ఇచ్చే మందు అదే. అయితే ఎవరి పాత చీటీతోనో కొని వాడవద్దు, గర్భం లేదని నిర్ధారించుకున్నాకే మొదలుపెట్టాలి.