అప్‌డేట్: పాత పేజ్‌మేకర్ సీడీ కాపీ చేసి ఇవ్వొచ్చా?

వైజాగ్ డాబాగార్డెన్స్‌లోని మా డీటీపీ షాపులో ఉన్న ఒరిజినల్ పేజ్‌మేకర్ 7 (పేజీలు డిజైన్ చేసే పాత సాఫ్ట్‌వేర్) సీడీని, గాజువాకలో ప్రెస్ నడిపే తెలిసినాయనకు కాపీ చేసి ఇవ్వొచ్చా అని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

లాయర్ గారు కుదరదన్నారు. కంపెనీ అమ్మడం మానేసినంత మాత్రాన కాపీరైట్ పోదట. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52 ప్రకారం, సీడీ పాడైపోతుందేమోనని మన కోసం బ్యాకప్ తీసుకోవచ్చు, అంతవరకే. దొంగ కాపీ అని తెలిసీ వ్యాపారానికి వాడితే అదే చట్టం సెక్షన్ 63బి కింద కనీసం 7 రోజుల జైలు! కాబట్టి ‘డబ్బులు తీసుకోకపోతే పర్లేదు’ అన్న వాదన అక్కరకు రాలేదు.

చివరికి పనిచేసింది ‘సాఫ్ట్‌వేర్ కాదు, ఫైళ్లే తెప్పించుకోండి’ అన్న సలహా. ప్రెస్ ఆయన తన పేజ్‌మేకర్ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో తెస్తే మా పాత విండోస్ ఎక్స్‌పీ సిస్టంలో తెరిచి పీడీఎఫ్‌లు చేసిచ్చాం. ఆయన వాడిన ఫాంట్ మా దగ్గర లేక పెళ్లికార్డుల్లో ఒత్తులన్నీ ఎగిరిపోయాయి, వాటిని మళ్లీ టైప్ చేయాల్సొచ్చింది.