కొమోడో డ్రాగన్‌ను, ఒక కప్పను ఏ కొలతతో పోల్చాలి?

నమస్కారం. నేను కావలి దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తున్నాను. వైజ్ఞానిక ప్రదర్శన కోసం మా తొమ్మిదో తరగతి పిల్లలు ఇండోనేషియా దీవుల కొమోడో డ్రాగన్ అనే భారీ ఉడుమునూ, కరీబియన్ దీవులైన డొమినికా, మాంట్‌సెరాట్‌లలో బతికే మౌంటెన్ చికెన్ అనే పెద్ద కప్పనూ ఎంచుకున్నారు. ఆ పేరు విని తరగతంతా నవ్వింది గానీ, అక్కడివాళ్లు దానిని నిజంగానే వండుకుని తినేవారు.

మూడు మీటర్ల వరకు పెరిగే కొమోడోను ప్రకృతి పరిరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ 2021లో అంతరించే ప్రమాదమున్న జీవుల వర్గంలోకి మార్చింది. కప్ప అంతకంటే తీవ్రమైన వర్గంలో ఉంది. చేలగట్ల మీద ఉడుములను చూసి పెరిగిన మా పిల్లలు మాత్రం, మనుషులు వేటాడేది పెద్ద జంతువునే కాబట్టి దానికే ముప్పు ఎక్కువని వాదిస్తున్నారు. నిజానికి కప్పను ఎక్కువగా దెబ్బతీసింది వేట కాదు, చర్మానికి సోకే కైట్రిడ్ అనే శిలీంధ్రం. చర్మం ద్వారానే నీటినీ లవణాలనూ గ్రహించే జీవికి ఆ జబ్బు సోకితే లవణాల సమతూకం చెడి చివరకు గుండె ఆగిపోతుంది. 2002లో డొమినికాలో బయటపడిన ఈ జబ్బు కొన్నేళ్లలోనే ఆ కప్పలను దాదాపుగా తుడిచిపెట్టింది. కొమోడోకు ముప్పు ఇంత వేగంగా రాదు. సముద్రమట్టం పెరిగేకొద్దీ దాని ఆవాసం కుంచించుకుపోతుంది.

ఇంత భిన్నమైన వేగాలను ఒకే చార్టులో పిల్లలకు అర్థమయ్యేలా ఎలా చూపాలి? గుడ్ల సంఖ్యను పోలికలోకి తేవచ్చా, లేక అది తప్పుదోవ పట్టిస్తుందా? ఈ రెండు ప్రమాద వర్గాలకూ పాఠ్యపుస్తకాలలో వాడే తెలుగు మాటలు తెలిసినవారు దయచేసి చెప్పగలరు.