అప్‌డేట్: సెల్ సేవర్ వేస్ట్ ట్యూబ్‌లో ఎరుపు తగ్గకపోవడానికి కారణం

సర్జరీలో పోయే రక్తాన్ని పీల్చి, ఎర్రకణాలను కడిగి మళ్లీ అదే రోగికి ఎక్కించడానికి ఇచ్చే యంత్రం సెల్ సేవర్. అందులో ఎంత కడిగినా, కడిగిన నీళ్లు బయటికి పోయే వేస్ట్ ట్యూబ్‌లో ఎరుపు పోవట్లేదు, తిరిగొచ్చే కణాలూ తక్కువే, ఎందుకని అడిగాను కదా. కారణం సక్షన్‌లో దొరికింది. వాక్యూమ్ (పీల్చే బలం) 300 ఎంఎం హెచ్‌జీ (పాదరస మట్టం) దగ్గర ఉంది. మామూలుగా 150 దాటకూడదు. అంత గట్టిగా లాగుతూ, పైగా గాలితో కలిపి నురగలా పీలిస్తే ఎర్రకణాలు రిజర్వాయర్‌కి (పీల్చిన రక్తం పోగయ్యే డబ్బాకి) చేరేలోపే పగిలిపోతాయి, ఆ ఎరుపే వేస్ట్‌లో కనిపిస్తుంది. సక్షన్ కొన రక్తంలో మునిగే ఉండాలి.

కణాలను తిప్పి వేరుచేసి కడిగే గిన్నె, అంటే బౌల్ సంగతీ ఉంది. 225 ఎంఎల్ బౌల్ సగమే నిండగా వాష్ మొదలుపెడితే హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) పడిపోతుంది, కడగడమూ సరిగా జరగదు. కాస్త ఆగి, రిజర్వాయర్‌లో సరిపడా పోగవనివ్వడమే మేలు. వాష్‌కి కనీసం లీటరు సెలైన్ పెట్టాం. పీల్చిన రక్తం గడ్డకట్టకుండా కలిపే హెపారిన్ మోతాదు (లీటరు సెలైన్‌లో 30,000 యూనిట్లు) మార్చాల్సిన పని పడలేదు.

కడిగిన రక్తం త్వరగా ఎక్కాలంటే దాని బ్యాగ్‌కి ప్రెషర్ కఫ్ (బ్యాగ్‌ని నొక్కే గాలి పట్టీ) వేయమన్న సలహా మాత్రం వద్దే వద్దు. బ్యాగ్‌లో గాలి ఉంటుంది, అది నేరుగా రక్తనాళంలోకి వెళ్లొచ్చు. కడగడం పూర్తయ్యాక 4 గంటల్లోపు ఎక్కిస్తే చాలు. ప్లేట్‌లెట్లు, గడ్డకట్టించే ఫ్యాక్టర్లు వాష్‌లోనే పోతాయి కాబట్టి ఎక్కువ మొత్తం ఎక్కించినప్పుడు వాటిని విడిగా చూసుకోవాలి.